ఎన్ని మాటలు

"ఎన్ని మాటలొస్తయి మీ బాబుకు?"
లిజి సిస్టర్ పెన్ను కాయితం మీద ఆనిచ్చి అడిగింది.
రెండేండ్లకు యాభై దాకా రావాల్నట.
నేను వేళ్లు మడవబట్టిన.
అమ్మ, ఒకటి. బువ్వ, రెండు.
మూడో వేలు కాడ చెయ్యి ఆగింది.
వాడేమో బరువు మిషన్ మీద కూసొని
నా గాజులు తిప్పుకుంట నవ్వుతున్నడు.

"ఫోను ఎంతసేపు చూస్తడు?"
అబద్ధం నాలిక చివరి దాక వచ్చింది.
ఏసీ ఎంతసేపు నడుస్తదో ఫోను అంతసేపు, అన్న.
తిడ్తదనుకున్న. తిట్టలే. రాసుకున్నది.

షార్జా రోలాల మేముండేది ఇల్లు కాదు, హాలుల సగం.
నడుమ ప్లైవుడ్ గోడ.
మంచం, మంచం కింద సూట్‌కేసులు, ఓ చిన్న ఫ్రిజ్,
ఇవన్నీ పోను రెండడుగుల సందు.
నిహాల్ పాకుడు నేర్చింది ఆ సందులనే.
మలుపుకునే జాగ లేక
ముందుకు పోయినంత దూరం వెనక్కి పాకేటోడు,
రివర్స్ గేరుల బండి లెక్క.
లింబాద్రి నవ్వేటోడు. నేనూ నవ్విన.

గోడ అవతల టాక్సీ నడిపే ముల్తాన్ ఆయన.
రాత్రి డ్యూటీ, పగటి నిద్ర.
పోరడు కేక పెడితే చాలు
ప్లైవుడ్ మీద మూడు దెబ్బలు: టక్ టక్ టక్.
అందుకని నోట్ల పీక, చేతిల ఫోను.
"ఇంట్ల పిల్లగాడున్నట్టే తెల్వది" అని
వంటింటి కాడ కొల్లం అక్క మెచ్చుకునేది.
నాకు గర్వంగుండె.
ఊకుండుడు నేర్పింది నేనే.
ఇప్పుడు మాటేదని వాణ్ని అడుగుతున్న.

లిజి సిస్టర్ ఐరన్ చుక్కలు రాసింది,
చెవుల పరీక్షకు తారీఖు ఇచ్చింది.
మాటలకు మందు రాయలే.
"నువ్వు మాట్లాడు. ఏ పని చేస్తే ఆ పని చెప్పు.
చెప్పి జెర ఆగు. వాని వంతు వానికియ్యి."
ఇంగ్లిషులనా, అన్న.
"కలలకొచ్చినోళ్లతోని ఏ భాషల కొట్లాడ్తవో
ఆ భాషల," అన్నది.

బయట, బండరాయి కూడా కండ్లు మూసుకునే ఎండ.
"ఇగో, ఎండ," అన్న.
నా గొంతు నాకే కొత్తగ ఇనొచ్చింది.
పొద్దున లింబాద్రి టైపింగ్ సెంటర్‌కు పోయినంక
రాత్రి తొమ్మిదింటి దాక నేను మాట్లాడింది ఎవరితోని?
మెట్‌పల్లిల బీడీలు చేసేటప్పుడు
చేటల ఆకు కన్న నోట్ల మాటలే ఎక్కువుండె.
చేతులు వాటి పని అవి చేసుకునేయి.
వెయ్యి బీడీల నాడు మూడు వేల మాటలు.

గట్లనే మొదలువెట్టిన.
ఉల్లిగడ్డ కోస్తుంటె, ఉల్లిగడ్డ. మంట. ఏడుపు. తూ!
ఆకు లెక్క చిన్నగ కత్తిరించి,
నింపి, చుట్టి, దారం కట్టి
ఒక్కొక్క మాట వాని ముందర పెట్టుడు.
పెట్టి, ఆగుడు.
ఆగుడే కష్టం. ఆ సప్పుడులేని సేపు ఎంత పొడుగో.
వాడు నా పెదవులనే చూసేటోడు.

పదో రోజో, పదకొండో రోజో
"చెంచా, చెంచా" అని గట్టిగనే అంటున్న,
అవతలికెళ్లి టక్ టక్ టక్.
నా గుండె జారింది. నోరు మూసుకున్న.
నిహాల్ మూసుకోలే.
చెంచా వట్టుకొని గోడ కాడికి పోయి
కొట్టిండు: టక్.
అవతల ఉలుకు లేదు, పలుకు లేదు.
మల్ల టక్.
శానా సేపటికి, నిద్ర గొంతుతోని, "కౌన్?"
"కౌ," అన్నడు నా కొడుకు.
ఇటుకెళ్లి ఒక టక్, అటుకెళ్లి ఒక టక్,
వంతు వంతుగ.
ఆయన నిద్ర చెడింది. నా అన్నం మాడింది.

టైపింగ్ సెంటర్ వాళ్లిచ్చిన క్యాలెండర్ మీద
మాటలు రాస్తున్న. ఇప్పటికి పదకొండు.
చెవుల పరీక్ష బేస్తవారం.
ఒక్కటే అనుమానం, సిస్టర్‌ను అడగాలె:
టక్ అన్నది మాట కిందికే వస్తదా?