సజ్జకు రేటు లేదు

మే నెల, మలక్‌పేట, రాత్రి తొమ్మిదిన్నర.
ఏసీ ఒక్కసారి దగ్గి, ఊకుంది.
పగలంతా మింగిన ఎండను
గోడలు మెల్లగ కక్కుడు షురూ జేసినయి.

పొద్దుగాల యూనిఫాం పిలగాడొచ్చిండు.
మూత తియ్యలే. చెయ్యి వెట్టి గాలి చూసిండు,
ఫోన్‌ల ఏందో నొక్కిండు.
"కంప్రెసర్ పోయింది. బోర్డు గుడ పోయినట్టే.
గ్యాస్ మూడు వేలు. మొత్తం పదహారు వేల నాలుగొందలు.
ఇయ్యాల ఓకే అంటే వెయ్యి తగ్గుతది."

ఇయ్యాల ఓకే అంటే!
నేను దవాఖానల బిల్లు కౌంటర్ల కూసునేదాన్ని బిడ్డా,
పద్దెనిమిదేండ్ల సంది.
ఒక్క కుట్టుకు నలభై జతల గ్లౌజులు ఎట్లయితయో నాకెరుకే.
'ఇతరములు' అన్న మాట కింద ఏమేం పండుకుంటయో గుడ ఎరుకే.
ఆ కాయితం కిటికీలకెల్లి చాపేది నా చెయ్యే.
అందుకే ఇంకొకల బిల్లు చూస్తే
నాకు కోపం రాదు,
సిగ్గొస్తది.

విజిట్ చార్జి మూడొందలిచ్చి తోలిన.

పొద్దుమీకి మూసారాంబాగ్ నుంచి ఇలియాస్ వచ్చిండు,
మోపెడ్‌కు గ్యాస్ సిలిండర్ కట్టుకొని.
చెప్పులిడువక ముందే చెప్పిండు:
పనికి నాలుగొందలు,
సామాను కోఠిల ఎంతకొస్తే అంతకే, చిట్టీ తెస్త.
"మూడొందల యాభై చేసుకో," అన్న.
నోటి అలవాటు. కొత్తిమీర కట్ట కాడ, ఆటో కాడ,
మొక్కేటప్పుడు దేవుని కాడ గుడ గదే నోరు.
ఆయన అవ్వనలే, కాదనలే.
బాల్కనీ గోడ దాటిండు.

అప్పుడు చూసిన.
మూడో అంతస్తు. జానెడున్నర సజ్జ.
ఒక చెయ్యి నీళ్ల పైపు మీద, ఒక చేతుల పానా,
స్క్రూలు పండ్ల నడుమ.
కింద మిర్చిబండి ఆయన గంటె ఆపి పైకి చూస్తుండు.
టార్చి నా చేతుల ఉన్నది.
నేను వణికితే వెలుగు వణికింది.
"జర సీదా పట్టుండ్రి మేడం," అన్నడు, గంతే.

కంప్రెసర్ మంచిగనే ఉన్నది. పోయింది కెపాసిటర్,
చాయ్ గిలాసంత డబ్బ, పొట్ట ఉబ్బింది.
కోఠి చిట్టీ: మూడొందల ఎనభై.
"గ్యాస్ యాడికి పోతది, పైపుకు చిల్లు లేనప్పుడు?
గేజి మీరే చూడుండ్రి."
చూసిన. ముల్లు నాకు సమజ్ గాలే.
అయినా చూపెట్టిండు.
పాత డబ్బ తుడిచి నా చేతుల వెట్టిండు, ఇది మీదే అని.

లెక్క రాసిన.
సామాను, మూడొందల ఎనభై.
పని, మూడొందల యాభై.
సజ్జ?
సజ్జను ఏ కోడు కింద ఎక్కియ్యాలె?
మూడో అంతస్తు నుంచి పడ్డోళ్లకు
మా దవాఖానల ప్యాకేజీ ఉన్నది.
పడనోళ్లకు లేదు.

పనికని ఐదొందలు ఇచ్చిన.
వంద వాపసిచ్చిండు.
"నాలుగొందలే చెప్పిన గద మేడం."

తెల్లారి ఎనిమిదికి డ్యూటీ.
ఉబ్బిన డబ్బను కీబోర్డు పక్కన వెట్టిన.
ఒక ముసలాయన బిల్లు మీద ఏలు వెట్టి
"ఇదేంది బిడ్డా?" అంటుండు.
ఒక్కొక్క వరుసా చదివి చెప్తున్న.
'ఇతరములు' కాడికి వచ్చి ఆగిన.
వెనక లైను పెరుగుతున్నది.
ఎవరో తిడుతున్నరు.