కొలతల బుక్కు

చిలకలగూడ చౌరస్తా కాడ నా దుకాణం.
ముప్పై ఒక్క ఏండ్ల కొలతల బుక్కులు అటక మీద,
ఎలుకలు కొరికినవి పోను పంతొమ్మిది.

మక్బూల్ భాయ్, నడుము ముప్పై.
అప్పుడు లాలాగూడ వర్క్‌షాపుకు సైకిల్ మీద పోయేటోడు.
పెండ్లి షేర్వాణీకి ముప్పై రెండు.
స్కూటర్ కొన్నంక ముప్పై ఆరు.
క్యాబ్ పట్టి, రాత్రి రెండింటికి షవర్మా తిని
సీట్లనే పండబట్టినంక నలబై మూడు.
ఆ తర్వాత పేజీలల్ల
నలబై, ముప్పై ఏడు, ముప్పై నాలుగు.
"సన్నబడ్డవ్ భాయ్" అని సంబరపడ్డ.
షుగర్ మనిషిని లోపల్నుంచి కోస్తదని
కత్తెర పట్టినోన్ని, నాకేం ఎరుక?
మొన్న వచ్చి
ప్యాంటు ఎడమ కాలు మోకాలు కాడ మడిచి కుట్టమన్నడు.
కూలి తీసుకోలే. చేతులు రాలే.

బ్యాంకు అనసూయ మేడం ఎప్పుడూ అనేది,
"కుట్టు లోపల గుడ్డ ఎక్కువిడువు, రేపటికి."
ఇడిసిన. అందరికీ రెండించులు ఇడిసిన.
రేపు వచ్చి కూసుంటనే ఉన్నది
నా స్టూలు మీద.

తొక్కుడు మిషనుకు మోటరు పెట్టించి తొమ్మిదేండ్లాయె.
కాలు ఊరికే ఆనిస్తే చాలు, గుడ్డ ఉరుకుతది.
మనిషి కదలడు.
పొద్దుందాక ఆరు చాయ్‌లు, చెంపల జర్దా,
ఎదురుంగ బజ్జీల బండి వాసన
బాకీ అడిగినట్టు అడుగుతది.

బస్తీ దవాఖాన నర్సమ్మ గల్లీల తిరుగుతూ వచ్చింది.
టేపు మరిచిందట, నాదే అడిగింది.
నా టేపు నా నడుము చుట్టూ తిరగడం
అదే మొదలు.
నలబై ఒకటి.
ఏలు పొడిచింది. సూదులకు అలవాటైన ఏలే.
రెండొందల ఎనబై.
నడువుమన్నది.
ఏడ నడువాలె తల్లీ?
ఫుట్‌పాత్ మీద బజ్జీల బండి,
దాని పక్కన
నా దుకాణం బోర్డే అడ్డం.

రాత్రి షట్టర్ సగం దించి
మోటరు ఊడదీసిన. పాత తోలు బెల్టు తొడిగిన.
నాలుగు జేబులు కుట్టేసరికి
పిక్కలు గుంజినయ్, మిషను కన్నా
మోకాళ్లే ఎక్కువ మోగినయ్.
జర్దా పొట్లం మాత్రం ఇంక డ్రాయర్లనే ఉన్నది,
అబద్ధమెందుకు.

బోర్డు లోపలికి జరిపి
బుక్కుల కొత్త పేజీ తీసి రాసిన:
మేర రాజమల్లు. నడుము నలబై ఒకటి.
ట్రయల్: వచ్చే నెల పదో తారీఖు.
డెలివరీ కాడ
ఖాళీ ఇడిసిన.