ఎనిమిది మంది, ఆరువందల ముప్పై కిలోలు

పగలు నేను లిఫ్టులు పరీక్షిస్తాను.
వూచ్ నగరంలో. ఆ పేరుకు పడవ అని అర్థం,
పడవ సాగేంత నీళ్లు మాత్రం కనబడవు.
పాత బట్టల మిల్లులు ఇళ్లుగా మారినచోట
ఇనుప దిమ్మలు ఒక్కొక్కటే లోపలికి మోయించి
తాడు ఎక్కడ మూలుగుతుందో చెవొగ్గి వింటాను.
తరవాత రేకు మీది అంకెకు సంతకం పెడతాను.
ఆ అంకెను నమ్మి జనం తలుపు మూసుకుంటారు.

శుక్రవారం రాత్రి మాత్రం
మా వంటింటి బల్ల మీద రాక్షసుల్ని తూస్తాను.

పుస్తకంలో ఉన్నవాటికి తూకం వాళ్లే వేసి ఇచ్చారు:
ఇది మూడో స్థాయి, ఇది తొమ్మిదో స్థాయి,
నలుగురు వీరులకు ఇది చెమట, ఇది చావు.
చిక్కంతా నేను చెయ్యి పెట్టినవాటితోనే.
తోకొకటి అతికించాక అది ఇంకా మూడోదేనా?
నిప్పంటే భయం తీసేస్తే ఎన్ని మెట్లు ఎక్కినట్టు?
రెక్కలిచ్చి బావిలో పెడితే
ఆ రెక్కలకు వెల ఎంత?

జనవరిలో ఒకదాన్ని కట్టాను.
మూడు వారాలు. గళ్ల కాగితం, పెన్సిలు, రబ్బరు పొడి.
నూట తొంభై ప్రాణం, వరసకు మూడు దెబ్బలు,
ఒళ్లంతా సీసపు పొలుసులు.
కూడి, భాగించి, నాకే జాలేసి
ఒక పంజా కొట్టేశాను.
అయినా ఎవరో ఒకరు పోతారనుకున్నాను.
ఈవో కోసం ఓదార్పు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

హల్ష్కా ఆస్పత్రిలో డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.
కోటు విప్పకుండానే అడిగింది:
"అది నిలబడ్డ వంతెన తాళ్లదేనా?"
తాళ్లదే. నేనే చెప్పాను, అందం కోసం.
రోజంతా తాళ్లు చూసే మనిషిని!
పాచిక విసిరింది. ఇరవై.
మూడు వారాల నా సీసపు కొండ
నోరైనా తెరవకుండా లోయలోకి పోయింది.
త్సెజారి ఇంకా కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

కసితో కాదు, ఊరికే,
తరవాతి వారం ట్రాములో నిలబడి
టికెట్టు వెనక ఇంకోదాన్ని రాశాను.
అర స్థాయి. తొమ్మిది ప్రాణం. కుక్కపిల్లంత.
దారిలో కాసేపు కత్తుల తుప్పు వదిలించుకోడానికి.
చోటు మిగిలిందని చివర ఒక ముక్క చేర్చాను:
దెబ్బ తగిలితే అమ్మను పిలుస్తుంది.

ఈవో బాణం తగిలింది. పిలిచింది.
నేను గొంతేమీ మార్చలేదు,
మామూలుగానే అన్నాను, "మామో" అని.

కాలీనా తన గొడ్డలి బొమ్మను వేలితో వెనక్కి జరిపింది.
"చూసి వేయలేదు నేను" అన్నాడు ఈవో, ఎవరూ అడక్కుండానే.
ముప్పై ఏళ్లు ట్రాము నడిపిన త్సెజారి
సంచిలో ఎన్ని మందులున్నాయో లెక్క చూశాడు.
వదిలేద్దామని ఒకరు, చంపడమే దయ అని ఒకరు,
బిడ్డే ఇంతుంటే తల్లి ఎంతుంటుందోనని ఇంకొకరు.
టీ చల్లారింది. చివరి ట్రాము వెళ్లిపోయింది.
ఒక్కరి ఒంటి మీదా గీత పడలేదు,
నాలుగు గంటలు నలుగురినీ కదలనివ్వలేదు
ఆ అర స్థాయిది.

ఏ గడిలో రాయను దీన్ని?

సోమవారం పియోత్రకోవ్‌స్కా వీధిలో
ఐదంతస్తుల లిఫ్టు. దిమ్మలు ఎక్కించాం.
దిమ్మలు అరవవు, అలిసి రావు,
వంతెన దేనితో కట్టారని అడగవు.
అందుకే ఆ అంకె నిలుస్తుంది.
సంతకం పెట్టి, మెట్లెక్కి నడిచే పైకి వెళ్లాను,
ఎందుకో తెలీదు.

అదిప్పుడు త్సెజారి సంచిలో ఉంది.
గుజిక్ అని పేరు పెట్టారు, గుండీ అని.
ఈ శుక్రవారానికి దాని తల్లిని కట్టాలి.
గళ్ల కాగితం మీద మొదటి గడి:
ఎదుట ఎంతమంది? నలుగురా, ఐదుగురా?
ఆ ఐదోది ఎవరి వైపు లెక్క?
పెన్సిలు చెక్కాను.
మళ్లీ చెక్కాను.