సగం జెండా

తలుపు గొళ్ళెం వేళ్ళకి అతుక్కునే జనవరిలో
షెడ్డులో కూర్చుని
ముప్పై రెండో జెండా మరను విప్పాను.
మిగతా ముప్పై ఒకటీ ఏమయ్యాయని అడగకండి.
కొన్ని పొయ్యిలోకి పోయాయి.

మా ఉత్తర విస్కాన్సిన్‌లో దీన్ని టిప్-అప్ అంటారు.
సరస్సు మంచును బర్మాతో తొలిచిన కంత మీద
అడ్డంగా పడుకునే రెండు కర్రలు,
నీళ్ళలోకి దిగిన కండె,
కండెకు దారం, దారానికి గాలం,
గాలానికి వణికే చేపపిల్ల.
కింద ఎవరైనా లాగితే
పైన మీట జారి, వంచిన ఉక్కురేకు నిటారై
నారింజ గుడ్డ ఊపుతుంది.
అంతే యంత్రం.
తక్కినదంతా ఎదురుచూపే.

ఆ అంతేలోనే అన్ని తగువులూ.
గాలి తోసినా లేస్తుంది.
కంత గడ్డకడితే చేప లాగినా లేవదు.
ఇరుసులో గ్రీజు ముదురు పాకంలా బిగుసుకుంటుంది.

ముప్పై ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేసినదాన్ని,
బిగుసుకున్నదేదైనా నాకు వదలబుద్ధి కాదు.
ఇరుసును రాగి గొట్టంలో దూర్చి
గడ్డకట్టని నూనె పోసి మూతి బిగించాను.
పాత బస్సు సీటు స్పాంజి గుండ్రంగా కోసి కంతకు కప్పాను.
ఎవరో పిల్లాడు పెన్నుతో గీసిన గుర్రం
దాని మీద ఇంకా పరుగెత్తుతోంది.

అంతా చూసి హాల్వర్ తల ఊపాడు.
"బాగుంది సిగ్నె.
కానీ నీ జెండా లేచేసరికి
నేనింకా కుర్చీలోంచి లేస్తూనే ఉంటాను."

కాగితం మిల్లులో నలభై ఏళ్ళు నిలబడ్డ మోకాలు అతనిది.
ఇప్పుడందులో సగం స్టీలు.
ఆ కాలు అరవై అడుగుల మంచు దాటేలోపు
చేప ఎర నోటపెట్టి, ఆలోచించి, ఉమ్మేసి పోతుంది.

ఇన్నాళ్ళూ నేను యంత్రాన్నే చూశాను.
కర్రకీ కండెకీ మధ్య కొలిచాను.
కుర్చీకీ కంతకీ మధ్య కొలవలేదు.

ఆ రాత్రి ఆకురాయితో మీట మీద ఒక మెట్టు చెక్కాను.
చేప రుచి చూస్తుంటే జెండా సగం లేచి ఆగాలి.
పరుగందుకున్నాక పూర్తిగా నిలబడాలి.
ఈ రెంటి మధ్య వ్యవధి హాల్వర్‌ది.

చెప్పినంత తేలిక కాదు.
మొదటిది ఆగలేదు.
రెండోది ఆగి, మరి లేవలేదు.
మూడోది నా పిల్లి తుమ్మితే లేచింది.
నాలుగోదానికి గోడ గడియారం స్ప్రింగు పీకి వేశాను.
గడియారం ఆగింది. జెండా సగంలో ఆగింది.

శనివారం, సున్నాకు కింద పదకొండు.
ఫ్లాస్కు మూత తిప్పుతుండగా
మూడో కంత దగ్గర గుడ్డ సగం లేచి నిలిచింది.
హాల్వర్ టోపీ తీశాడు.
"ఎవరు పోయారు?"

హాస్యమనుకున్నాను. అతను నవ్వలేదు.
మిల్లు గేటు దగ్గర జెండా అలా సగంలో ఆగిన రోజులు
అతనికి పేర్లతో సహా గుర్తున్నాయి.

"ఎవరూ పోలేదు. లే, నడువు.
చేప ఇంకా ఆలోచిస్తోంది."

నడిచాడు.
చేతికర్ర మేకు మంచులో టక్కుమంటోంది.
నేను ముందు పరుగెత్తకుండా ఆగాను;
ఆ మెట్టు చెక్కడం కన్నా కష్టమది.
సగం దారిలో ఉండగా జెండా పూర్తిగా లేచింది.

బకెట్టు బోర్లించి కూర్చుని అతను కంతలోకి వంగాడు.
నల్లటి నీళ్ళలో కండె ఇంకా తిరుగుతోంది.
దారం అందుకున్నాడు. లాగాడు.
ఖాళీ గాలం. తోక ముక్క కూడా మిగల్చలేదు.

నేను ఒక బూతు మాట అన్నాను.
అతను వినలేదు.
"తిరుగుతుండగా చూసి," అన్నాడు,
"ఆరేళ్ళయింది."

ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను:
మెట్టు ఇంకో వెంట్రుక లోతు.
సగం జెండాకి వేరే రంగు, పసుపు కావచ్చు,
సంతాపంలా కనిపించనిది.
హాల్వర్ కుర్చీ కాళ్ళకి రెండంగుళాల ఎత్తు.
అది యంత్రంలో భాగం కాదని
నిన్నటిదాకా అనుకున్నాను.