నలభై ఒకటో తీర్మానం

ఏడుగురిలో అయిదుగురు చేతులెత్తిన రాత్రి
మినిట్స్ రాసుకున్నది నేనే.
"ఈ ఊరి పోలీసు ఎవరినీ
పుట్టిన దేశం అడగడు."
ఒక్క వాక్యం.
నలభై ఒకటని నంబరు వేసి, చివర చుక్క పెట్టాను.

కోళ్ళ ఫ్యాక్టరీ రెండో షిఫ్టు వాళ్ళు
రబ్బరు బూట్లతోనే వచ్చి గోడ వెంట నిలబడ్డారు.
చప్పట్లు కొట్టొచ్చో లేదో తెలియక
నావైపు చూశారు.

ఆ తర్వాతి సోమవారమే యులాలియా వచ్చింది,
జీతం కవరు లాక్కున్న సూపర్‌వైజరు మీద ఫిర్యాదుకి.
పెన్ను గట్టిగా పట్టుకుని రాసింది.
పేరు. ట్రెయిలర్ నంబరు పద్దెనిమిది.
పిల్లలు చదివే బడి.
అడగని గళ్ళు కూడా నింపింది.
నమ్మకం అంటే అంతేనేమో,
అడగనివి కూడా చెప్పేయడం.

రాజధాని ఇక్కడికి రెండు వందల మైళ్ళు.
మా వంతెన పగుళ్ళ గురించి ఆరేళ్ళుగా రాస్తున్నా
అక్కడి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.
ఈ ఉత్తరం మాత్రం మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసేలోగా
ఈమెయిల్లో వచ్చి కూర్చుంది.
ఊళ్ళు తమకు తాము ఇచ్చుకున్న మాటలు చెల్లవట.
ఇకనుంచి అడగాల్సిందేనట.
అడ్డం పడ్డ గుమాస్తాకి జరిమానా అట,
కుర్చీ కూడా పోతుందట.
తను పెట్టదు,
అడుక్కు తిననివ్వదు.

రద్దు ముద్ర డ్రాయరు అడుగున ఉంది.
ఇంకు ఎండిపోయింది.
ఉమ్మితో తడిపి కొట్టాను, సగమే పడింది.
మళ్ళీ కొట్టాను.
ఆ రెండో దెబ్బే
ఇప్పటికీ నా మణికట్టులో ఉంది.

గురువారం యులాలియా నీళ్ళ బిల్లు కట్టడానికి వచ్చింది.
మూడు నెలలది ముందే లెక్కపెట్టి ఇచ్చింది.
రసీదు తీసుకుని కదల్లేదు.
"మిస్ వెర్లీన్,
పోయినేడు రాసిచ్చిన కాగితం
వెనక్కి ఇస్తారా?"

డబ్బు వాపసుకి ఫారం ఉంది.
కుక్క లైసెన్సు వాపసుకి కూడా ఉంది.
గాజు కిటికీకి ఇవతల
ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగం నాది,
అవతల ఆమె అరచేయి,
వేళ్ళ కణుపుల దగ్గర కత్తి గాట్లు.
"ఆ కాగితం నా దగ్గర లేదమ్మా," అన్నాను.
నిజమే చెప్పాను.
నిజం చెప్పినందుకు
అంత సిగ్గుపడటం అదే మొదలు.

జనవరిలో మీటర్లు చూసే కుర్రాడు ఫోన్ చేశాడు.
"పద్దెనిమిదిలో ముల్లు కదల్లేదు.
సున్నా వేయనా? మీటరు పాడైందంటారా?"

సున్నా వేస్తే ఖాళీ ఇల్లని రాయాలి,
పేరు కొట్టేయాలి.
పాడైందంటే సగటు కట్టి
పేరు అలాగే ఉంచాలి.
ఈ నియమాన్ని రాజధానిలో ఇంకా ఎవరూ చదవలేదు.

బయట మంచు పడుతోంది.
వాళ్ళు ఎటు వెళ్ళారో నాకు తెలియదు,
తెలిసినా ఇక్కడ రాయను.

"పాడైంది," అన్నాను.
"పాడైందనే రాసుకో."