చుట్ల మధ్య

వెర్నెట్టా ప్రూయిట్ దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చింది,
నిద్రపోతున్న పిల్లను తెచ్చినట్టు.
"ఈస్టర్ ఇంకా మూడు వారాలే, ఓర్విల్.
దీనికి మాట పడిపోయింది."

మీటరు పెట్టి చూశాను. ముల్లు లేవలేదు.
మాట పడిపోవడమంటే ఇంతే:
లోపలెక్కడో, వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ
ఒక్కచోట తెగుతుంది.
మిగతా ముప్పావు మైలు తీగా బాగానే ఉంటుంది,
దేనికీ పనికిరాకుండా.

ఆక్రన్‌లో మార్చి అంటే ఇంకా మంచే.
గ్యారేజీలో కిరోసిన్ హీటరు, అమ్మ కుట్టుమిషను మోటారు,
టైర్ల ఫ్యాక్టరీ మూసేసిన రోజు
కోటు జేబులో వేసుకొచ్చిన అంకెల పెట్టె.
అప్పుడది టైర్లు లెక్కపెట్టేది, ఇప్పుడు చుట్లు.
దానికి తేడా తెలీదు.
కొన్ని రోజులు నాకూ తెలీదు.

వచ్చినవాళ్లు అడుగుతారు, ఏ కలప, ఏ వార్నిష్ అని.
అయస్కాంతానికి కలప గొడవ పట్టదు.
తీగ వణికిందా లేదా, అదొక్కటే,
చీకట్లో చెయ్యి పట్టుకున్నవాడికి
అవతలి చేతి వణుకు తెలిసినట్టు.

మెట్లు లేని గిటారు ఇది, ఒళ్లో పడుకోబెట్టుకునేది.
ఉక్కు కడ్డీ జారుతుంటే
ఈ స్వరానికీ ఆ స్వరానికీ మధ్య
పేరు పెట్టని చోట్లన్నీ పలకాలి.
వెర్నెట్టా కాపురం అక్కడే.
పాస్టరుకు గొంతు పూడుకుపోయిన చోట
ఆమె జారు మొదలవుతుంది.

పాత తీగ విప్పడం మొదలెట్టాను, లెక్కపెడుతూ.
చుట్టడం కన్నా విప్పడానికి ఓపిక కావాలి.
రెండు పెళ్లిళ్లు విప్పినవాణ్ణి, చెప్పగలను.

రెండు వేల నూట పద్నాలుగో చుట్టు దగ్గర
ఏదో అడ్డు తగిలింది.
భూతద్దం తెచ్చాను.
వెంట్రుక.
గోధుమరంగుది, పొడుగుది, తీగ పక్కన తీగలా
నాలుగు చుట్లు తిరిగి ఉంది,
రాగి పక్కన మోకంత లావుగా.

డెబ్బై ఏళ్ల కిందట ఏదో బల్ల ముందు
ఒకమ్మాయి వంగి ఉంటుంది. తలగుడ్డ జారి ఉంటుంది.
గంటకిన్ని అని లెక్క, ఆపి తీసే తీరిక ఉండదు.
లేకపోతే చూసుకోనే లేదేమో.
బాబిన్ అడుగున పెన్సిలుతో 31 అని ఉంది.
పేరు లేదు.
తను చుట్టినదాని గొంతు
ఆమె ఒక్కసారైనా విన్నదో లేదో.

తెగింది అక్కడ కాదు.
ఇంకా లోపల, ఆమె మొదలుపెట్టిన కొస దగ్గర,
చిలుము పట్టి, పచ్చగా.
వెంట్రుక తప్పేం లేదు.
ఎందుకో ఈ మాట పైకే అన్నాను, హీటరుతో.

ఆ రాత్రే కొత్త తీగ ఎక్కించాను.
వేళ్ల మధ్య ఫెల్టు ముక్క, ఊపిరి బిగబట్టి.
లాగితే తెగుతుంది, వదిలితే రేపు ఈల వేస్తుంది.
మొత్తం ఏడు వేల నలభై. అడుగు నుంచి లెక్కేస్తే
నాలుగు వేల తొమ్మిది వందల ఇరవై ఆరు దగ్గర
మోటారు ఆపాను.

వెంట్రుకలో కరెంటు పారదు. ఓమ్‌లు మారవు.
పెట్టినా పెట్టకపోయినా ఏ మీటరూ కనిపెట్టదు.
కాఫీ చల్లారిపోయింది.
పెట్టాను. నాలుగు చుట్లు.
మళ్లీ మోటారు.
కరిగిన మైనంలో ముంచి, బుడగలు ఆగేదాకా చూశాను.
గుర్రపునాడా అయస్కాంతాలకు మళ్లీ బలం పట్టించాను.
బిల్లులో తీగ, మైనం, కూలి.
అంతవరకే రాశాను.

ఈస్టర్ సాయంత్రం ఫోను.
"పాట బాగానే పలికింది. కానీ ఆ గుర్రు ఏమైంది ఓర్విల్?
పాతదానికి ఉండేది, చర్చి వంటగదిలో ఫ్రిజ్‌లా.
దాన్ని వింటూ శ్రుతి చూసుకునేదాన్ని."

రాగి రేకు చుట్టి దాన్ని ఆపింది నేనే,
ఘనకార్యం అనుకుని.

"రేకు తీసెయ్యనా?"
"తీసెయ్. నా తువ్వాలు కూడా
నీ దగ్గరే ఉండిపోయింది."