నౌపడలో మంచు

పలాసలో జీడిపప్పు డబ్బాల మీద
పేర్లు రాసే పని నాది.
ఫ్లెక్సీలొచ్చాక బోర్డుల పని పోయి
అదొక్కటే మిగిలింది.
ఆ ఏడే పాతకాగితాల కొట్లో
కిలో పద్దెనిమిది లెక్కన తూకంలో దొరికిందీ పుస్తకం.
కెనడా దేశపు చిత్రకారుల బొమ్మలు. అట్ట లేదు.
మొదటి పదహారు పేజీలూ చెద చదివేసింది.

వందేళ్ల కిందటి మనుషులట.
చెక్కముక్కలు పెట్టెలో సర్దుకుని
పడవల్లో తెడ్లేసుకుంటూ పోయి
సరస్సు ఒడ్డున మోకాళ్ల మీద పెట్టుకు గీసేవారట.
ఈ మాత్రం మా మేనల్లుడు ఢిల్లేశు చదివి చెప్పాడు.
మిగతాది నేనే కూడబలుక్కున్నాను.

మొదటి పాఠం సందులు.
నాకు బోర్డు పని నేర్పిన బుడితి సూర్యం మాస్టారు
రంగు కింద రేకు కనిపిస్తే కూలి కోసేవాడు.
వీళ్లేమో గీతకీ గీతకీ మధ్య
చెక్కని చెక్కలాగే వదిలేశారు.
ఆ వదిలేసిన చోటే
సాయంత్రమై వెలుగుతోంది.
చెయ్యి ఆపడం నేర్చుకోడానికి
మూడు నెలలు పట్టింది నాకు.

తర్వాత చెట్టు.
నలభై రెండో పేజీలో ఒక దేవదారు
గాలి ఎటు తోస్తే అటే పెరిగింది.
దాన్ని దింపుతూ దింపుతూ తలెత్తితే
కిటికీలో మా పెరటి కొబ్బరి,
తిత్లీ మెడ విరిచింది.
ఇన్నేళ్లూ దాన్ని నరికించాలని చూశానే గానీ
దాన్ని చూడలేదు.

మంచు దగ్గర ఆగిపోయాను.
ఫ్రిజ్జులో గడ్డ తప్ప మంచెరగను.
తెల్లరంగు డబ్బా సగమయ్యాక
మా పైడమ్మ తొంగిచూసి
"ఏటది, సున్నం కొట్టిన గోడా?" అంది.
వాళ్ల మంచు మీద నీడలు నీలంగా ఉన్నాయి.
నీడ నీలంగా ఉంటుందా ఎక్కడైనా?
అచ్చుతప్పనుకున్నాను.

ఫాల్గుణంలో ఓ తెల్లవారుజామున
ఉప్పు కంపెనీ బోర్డు బాకీ వసూలుకని
పాసింజర్లో నౌపడ దిగాను.
మడుల గట్టు పొడుగునా కుప్పలు.
సూర్యుడు సముద్రం వైపు నుంచి అడ్డంగా వచ్చాడు.
ప్రతి కుప్పా తన పక్కన
నీలిమందులో ముంచిన గుడ్డొకటి ఆరేసుకుంది.
అచ్చుతప్పు కాదు.
ఎవరో అంత దూరాన చలిలో చూసింది
ఇక్కడ నా చెప్పుల ముందే పడుంది.

బాకీ మర్చిపోయాను.
సంచిలోంచి జానెడు ప్లైవుడ్ ముక్క తీశాను.
ఎండ ఎక్కితే నీలం పారిపోతుంది, తొందర.
గాలి ఇసుక తెచ్చి తడిరంగుకి అంటించింది.
ఉండనీ అన్నాను.

వెనకాల ఒకావిడ, నెత్తిన ఖాళీ గంప,
చాలాసేపు చూసి అడిగింది:
"బాగుంది గానీ బాబూ,
ఉప్పు దానంతటదే కుప్పయిపోనాదేటి?"

నా చెక్క మీద మనుషులు లేరు.
పుస్తకంలో లేరు గనక నేనూ వెయ్యలేదు.
కొండ, నీళ్లు, చెట్టు, మంచు,
గురువులు చూపింది చూపినట్టు.

ఆవిడ పేరు దాలమ్మ.
కాసేపు నిలబడమంటే
"ఈపూట కూలి నువ్విస్తావేటి" అని నవ్వి మళ్లోకి దిగిపోయింది.
వదిలేసిన సందులో
ఆమె తలగుడ్డని ఎర్రచుక్క చేసి పెట్టాను.
చుక్కకి కాళ్లు లేవు,
ఉప్పు తిన్న మడమలు లేవు.
అయినా కుప్పలన్నీ దానివైపే తిరిగాయి.

రాత్రి
గడియారాలు బాగుచేసే తవిటయ్య దగ్గర
భూతద్దం అరువు తెచ్చుకుని
పుస్తకం దీపం కింద పరిచాను.
పేజీ పేజీ వెతుకుతున్నాను,
అంత మంచులో ఎవరిదైనా ఒక అడుగు,
చెట్ల వెనక ఒక పొగ,
ఒడ్డున ఎవరో ఆరబెట్టిన చేప.
లేకనా, గీసినవాళ్ల కంట పడకనా?

మొదటి పదహారు పేజీల్లో ఉన్నారేమో.
చెదని అడగాలి.